గుప్పెడు బియ్యం, పిడికెడు పొగాకు

ఇంట్లో భార్య కంట పడకుండా ఒక వస్తువు దాచాలంటే, దాన్ని ఆమె రోజూ చెయ్యి పెట్టే చోటే దాచాలని సాలోమోను కనిపెట్టాడు. ఇంత సులువైన సంగతి లోకంలో ఇంకెవరికీ ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాడు కూడా. ఎందుకు తట్టలేదో నెల తిరగకముందే తెలిసింది.

దాచవలసిన వస్తువు పొగాకు. అందరూ కాల్చే చుట్ట పొగాకు కాదు. సాలోమోను ఆబిడ్స్‌లో ఒక మందుల గోదాములో గుమాస్తా. అక్కడి మేనేజరు డిసిల్వా దొర ఉద్యోగం విరమించి బెంగుళూరు వెళ్తూ, పదేళ్లు తన కాగితాలు సర్దినందుకు గుర్తుగా తన పైపునూ మూడు డబ్బాల పొగాకునూ సాలోమోను చేతిలో పెట్టాడు. ఆ పొగాకులో అతిమధురం, సోంపు కలిపి ఉంటాయి. మూత తీస్తే ఆయుర్వేదం కొట్టూ మిఠాయి కొట్టూ పక్కపక్కనే తలుపులు తెరిచినట్టుండేది.

ఆఫీసు నడిచినన్నాళ్లు బాధ లేకపోయింది. మధ్యాహ్నం గోదాము వెనక రెండు దమ్ములు, సాయంత్రం మూసారాంబాగ్ వంతెన మీద సైకిలు ఆపి రెండు దమ్ములు. పైపు నోట్లో ఉన్నంతసేపూ తన కింద కూడా ఒక గుమాస్తా పనిచేస్తున్నట్టు ఉండేది.

తర్వాత అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ కావాలని విద్యార్థులు లేచారు. గోడల నిండా నినాదాలు, ఒకరోజు బందు, ఒకరోజు కర్ఫ్యూ. బస్సులు నిలిచాయి. గోదాముకు తాళం పడింది. పైపు, పొగాకు, సాలోమోను ముగ్గురూ దిల్‌సుఖ్‌నగర్‌లోని రెండు గదుల కిరాయి ఇంట్లో రెబెక్కతో పాటు చిక్కుకుపోయారు.

రెబెక్క ముక్కు మామూలు ముక్కు కాదు. పక్క వీధిలో పప్పు మాడితే అది కందిపప్పో పెసరపప్పో ఇక్కడినుంచే చెప్పేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎల్బీనగర్ దారిలో వాళ్ల పెంకుల ప్రార్థన మందిరం. అక్కడి సంఘపెద్ద మత్తయి కాలం చేసి ఆరు నెలలైంది. ఆ కుర్చీకి మనిషిని ఎన్నుకోవాలి. "పొగ, సారా తెలియని మనిషి కావాలె" అని మందిరం పాస్టరు పేతురు అయ్యగారు ఒక ఆదివారం అందరి ముందూ సాలోమోను వైపు చూశారు. సాలోమోను తల వంచుకున్నాడు. అందరూ అది వినయం అనుకున్నారు.

ఆ కుర్చీ అంటే అతనికి చిన్నప్పటి నుంచీ ఆశ. అతని తండ్రి ఊళ్లో మందిరం గంట కొట్టేవాడు. ముప్పై ఏళ్లు గుమ్మం దగ్గర నిలబడే ప్రార్థన విన్నాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషుల వీపులు చూస్తూ పెరిగిన సాలోమోనుకు, ఒక్కసారైనా తన వీపు వెనకవాళ్లకు చూపించాలని కోరిక.

అందుకని పైపును సైకిలు సీటు కింద దూర్చి, బాగా ఆలోచించి పొగాకుకు చోటు వెతికాడు.

రెబెక్క పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి, దేవుడి పేరు చెప్పి ఒక రేకు డబ్బాలో వేస్తుంది. ఆ సంఘంలో ప్రతి ఇల్లాలూ అంతే. ఆదివారం అందరి డబ్బాలూ మందిరానికి చేరతాయి. నెలకొకసారి ఆ బియ్యంతోనే ప్రేమవిందు. అల్మాస్‌గూడ నుంచి, కర్మన్‌ఘాట్ నుంచి నడిచి వచ్చేవాళ్లకు ఆ పూట అక్కడే భోజనం. వేసిన గుప్పెడు మళ్లీ తియ్యరాదు. డబ్బాలో చెయ్యి పెట్టి కెలకరాదు. ఒకసారి చుట్టాలొచ్చి బియ్యం తక్కువపడితే రెబెక్క పొరుగింటికి గిన్నె పట్టుకుపోయింది గాని ఆ డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు.

పైగా ఆదివారం ఆ డబ్బాను సైకిలు మీద మోసుకుపోయేది సాలోమోనే. దారిలో ఒక చెట్టు చాటున సంచి తీసి జేబులో వేసుకుంటే సరి. తిరిగి రాగానే ఖాళీ డబ్బా అడుగున పెట్టి, కుండలోంచి కాసిని బియ్యం తీసి పైన కప్పేస్తే సరి.

రేకు డబ్బాలో రేకు డబ్బా పెడితే చప్పుడవుతుంది. కనుక పొగాకును పలుచని మల్లు గుడ్డ సంచిలో పోసి మూతి కట్టాడు. కొంప ముంచింది ఆ ఒక్క తెలివే.

మొదట్లో అంతా బాగానే జరిగింది. రెబెక్క నల్లా దగ్గరికి పోగానే మోచేతి దాకా బియ్యంలో చెయ్యి దూర్చి చిటికెడు తీసుకోవడం, "లోకంల ఏమైతుందో జర చూసొస్తా" అని సరూర్‌నగర్ చెరువు కట్టకు పోవడం, లోకానికి వీపు తిప్పి పైపు కాల్చడం.

తిరిగొచ్చేసరికి రెబెక్క గుమ్మంలో ఉండేది.

"ఏమైతుంది లోకంల?"

"బందు."

"అది పొద్దుగాల్నే ఎరుక. నీ దగ్గర సోంపు వాసనొస్తుందేంది?"

"హోటల్ల తిన్న."

"బందంటివి గద. హోటల్ ఎవడు తీసిండు?"

సాలోమోను ఒక్క క్షణం ఆలోచించాడు. "ఎనక తలుపు తీసిండు."

"సోంపుకా?"

"సోంపుకే."

మరునాటి నుంచి రెండు పూటలా భోజనం కాగానే రెబెక్క అతని పక్కన ఒక గిన్నెడు సోంపు పెట్టసాగింది. "ఇంట్లనే తిను. ఎనక తలుపులు ఎందుకు" అనేది. గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడినుంచి కదిలేది కాదు. సాలోమోను మేకలాగా నములుతూ కూర్చునేవాడు.

మూడో ఆదివారం ప్రేమవిందు. మందిరం వెనక రేకుల పాకలో అయ్యగారి భార్య ఎలీశమ్మగారు గంజి వారుస్తూ ఆగిపోయారు. ఆవిరిలోకి మొహం పెట్టి మళ్లీ పీల్చారు. తర్వాత ఒక్కొక్క డబ్బా వాసన చూసుకుంటూ వచ్చి రెబెక్క డబ్బా దగ్గర నిలిచారు.

"ఏం బియ్యం రెబెక్కమ్మా ఇవి? పెండ్లి విందు వాసనొస్తుంది. ఎనకనుంచి జర ఘాటు గూడ ఉన్నది."

"అందరు కొనేవే అమ్మగారు. భిక్షపతి దుకాన్ల బియ్యం" అంది రెబెక్క. సాలోమోను విస్తరిలో తల దూర్చి తింటున్నాడు. అన్నం నిజంగానే బాగుంది. తన పొగాకు ఇంత మంచిదని అతనికి ఇన్నాళ్లూ తెలియలేదు.

మిగిలిన అన్నం రెండు గిన్నెల్లో తెచ్చి, అలవాటు ప్రకారం ఒకటి ఇంటి యజమాని త్రినాథరావుకూ, ఒకటి ఎదురుగా కిరాణా దుకాణం పెట్టుకున్న భిక్షపతికీ ఇచ్చింది రెబెక్క. కథ అక్కడినుంచి చేయి దాటింది.

త్రినాథరావుది తెనాలి దగ్గర. భిక్షపతిది నల్లగొండ దగ్గర. పన్నెండేళ్లుగా సాయంత్రమైతే ఇద్దరూ త్రినాథరావు అరుగు మీద పులిమేక ఆడేవాళ్లు. ఉద్యమం మొదలైనప్పటి నుంచి మాటలు లేవు. పోట్లాడుకోలేదు, ఎవరు మొదట పలకరించాలో తేలక నిలిచిపోయాయి. ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో సాలోమోను కావాలి. ఆ అరుగుకూ ఆ దుకాణానికీ మధ్య ఉన్నది పది అడుగులు.

"సాలోమోనూ, ఆ పెద్దమనిషితో చెప్పు" అన్నాడు త్రినాథరావు. "ఇవి మా తెనాలి బియ్యం. మా పొలంలో పండినవి ఇలాగే ఘుమఘుమలాడేవి. ఈయన కొట్లోకి ఎలా వచ్చాయో ఈయనకే తెలియదు."

సాలోమోను అటు తిరిగాడు. "తెనాలి బియ్యమంటున్నరు."

"నాకు చెవులున్నయి" అన్నాడు భిక్షపతి. "గాయనకు చెప్పు. మా బావమరిది పొలంల పండినయి, నేను బండి కట్టుకొని పోయి తెచ్చిన. ఇయ్యి మా నల్లగొండ బియ్యం. మంచిది ఏది కనవడ్డ మాదే అంటరు, గందుకే కదా గీ లొల్లి."

సాలోమోను ఇటు తిరిగాడు. "నల్లగొండ బియ్యమట."

"నువ్వేమంటావు?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఒకరు ఇల్లు ఇచ్చిన మనిషి. ఒకరు బియ్యం ఇచ్చే మనిషి. "నేను అన్నం తినేటోణ్ణి. పండించేటోణ్ణి కాదు" అని సాలోమోను ఇంట్లోకి జారుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే భిక్షపతి దుకాణం ముందు జనం. మధ్యాహ్నానికి బస్తాలన్నీ ఖాళీ. సాయంత్రానికి అదే జనం, ఈసారి వండిన అన్నంతో. ఒక్క గిన్నెకూ వాసన లేదు.

"సాలోమోను సార్‌కు ఒక బియ్యం, మాకొక బియ్యమా?" అని అడిగారు.

భిక్షపతి పరేషానై రెబెక్క ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. వంటింట్లో బియ్యం కుండ వాసన చూశాడు. ఏమీ లేదు. దేవుడి డబ్బా మూత తీశాడు. గుప్పుమంది. కుండలోవీ డబ్బాలోవీ ఒకే బస్తావి. భిక్షపతి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అక్కా, ఇది మనుషుల పని కాదు" అన్నాడు మెల్లగా.

మూలన సాలోమోను సోంపు నములుతున్నాడు. అది గొంతుకు అడ్డం పడింది.

వార్త కర్మన్‌ఘాట్ దాకా పోయింది. ఆడవాళ్లు వచ్చి డబ్బాను చూసి పోతున్నారు. రెబెక్క దాన్ని ముందు గదిలో స్టూలు మీద పెట్టి, పైన కుట్టుపూల గుడ్డ కప్పింది. సాలోమోను దాని దరిదాపులకు పోలేకపోయాడు. నాలుగు రోజులు పొగ లేదు. సోంపు మాత్రం వేళకు అందింది.

శుక్రవారం పేతురు అయ్యగారే స్వయంగా వచ్చారు. ముసలాయన, కల్మషం లేని మనిషి. డబ్బా ముందు నిలబడి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఇంట్ల పెట్టుకున్నదానికి వాసన లేదు. ఇచ్చిన గుప్పెడుకే ఉన్నది. ఇంత పెద్ద సంగతి నా జన్మల చూడలే. ఆదివారం అందరి ముందర తెల్లగుడ్డ మీద కుమ్మరిద్దాం సాలోమోనూ. పెద్దను గూడ అదే రోజు ఎన్నుకుందాం. పైవాళ్లకు జాబు గూడ రాస్తున్న."

కుమ్మరిస్తే బియ్యంతో పాటు సంచి పడుతుంది. సాలోమోను కళ్ల ముందు తెల్లగుడ్డ, దాని మీద మల్లు సంచి, దాని చుట్టూ సంఘం కనిపించాయి. సంచి పడకపోతే ఇంకా ఘోరం. అయ్యగారు దొర పొగాకును దేవుడి లెక్కలో రాసి జాబు పోస్టులో వేస్తారు. కుర్చీ పోతుందన్న భయం ఒకటి. ఆ ముసలాయన కళ్లద్దాలు తుడుచుకున్న తీరు ఒకటి. రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

ఆదివారం డబ్బాను సైకిలు మీద పంపలేదు. అయ్యగారు రిక్షా పంపారు. రిక్షాలో రెబెక్క ఒళ్లో డబ్బా, వెనక సైకిలు మీద సాలోమోను. అతని వెనక కొంచెం దూరంలో భిక్షపతి, ఇంకొంచెం దూరంలో త్రినాథరావు. ఆ బియ్యం ఎవరిదో తేల్చుకోవాలని ఇద్దరూ వచ్చారు. ఒకరి వెనక ఒకరు నడిచారు గాని పక్కపక్కన నడవలేదు.

మందిరంలో ఎడమపక్క చాపల మీద ఆడవాళ్లు, కుడిపక్క మగవాళ్లు. తెల్లగుడ్డ పరిచారు. అయ్యగారు డబ్బా రెండు చేతులతో ఎత్తారు.

సాలోమోను లేచి నిలబడ్డాడు. చెప్పేద్దామనే లేచాడు. "అయ్యగారూ" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. నోట్లోంచి తర్వాతి మాట వేరేది వచ్చింది.

"ముందుగాల ప్రార్థన చేసుకుందాం."

అందరూ కళ్లు మూసుకున్నారు. సాలోమోను ప్రార్థన మొదలుపెట్టాడు. రోగుల కోసం చేశాడు. వానల కోసం చేశాడు. జైల్లో ఉన్న విద్యార్థుల కోసం, వాళ్ల తల్లుల కోసం, నడవని బస్సుల కోసం, వాటి డ్రైవర్ల కోసం చేశాడు. ఆపితే డబ్బా వంగుతుంది. కనుక మూసీకి ఒక ఒడ్డున ఉన్నవాళ్లందరి కోసం, తర్వాత రెండో ఒడ్డున ఉన్నవాళ్లందరి కోసం చేశాడు. అయ్యగారి చేతులు వణకసాగాయి. బెంగుళూరులో ఉన్న వృద్ధుల దాకా వచ్చేసరికి ఆడవాళ్ల వైపు నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది.

"ఆమెన్."

రెబెక్క గొంతు. సంఘమంతా ఊపిరి పీల్చుకొని ఆమెన్ అంది. సాలోమోను కూర్చోక తప్పలేదు. రెబెక్క లేచింది.

"అయ్యగారు, కుమ్మరించే ముందు ఒక మాట. ఇది మహిమ కాదు. డబ్బా అడుగున ఒక గుడ్డ సంచి ఉండె. అండ్ల అతిమధురం, సోంపు ఉన్నయి. ఆ వాసన బియ్యానికి పట్టింది. మొన్న నేనే తీసేసిన. సంచి ఉన్నన్ని రోజులు బియ్యంల ఒక్క పురుగు కనవడలే. అంతే. నా గుప్పెడు గూడ అందరి గుప్పెడు లాంటిదే."

ఎలీశమ్మగారే ముందు తేరుకున్నారు.

"పురుగు పట్టకుండనా? ఏపాకు ఏస్తరు, ఎండుమిరపకాయలు ఏస్తరు, గీ ఉపాయం ఎన్నడు వినలే. కొలతెంత రెబెక్కమ్మా?"

"నాకు ఎరుక లేదమ్మగారు. సంచి కట్టింది మా ఆయన."

మందిరంలోని తలలన్నీ కుడిపక్కకు తిరిగాయి. సాలోమోను చాప అంచు సర్దాడు.

"అందాజగ ఏసిన" అన్నాడు.

అతను బతికిపోయాడు. అంతే కాదు, మగవాళ్లు అతని వైపు మెచ్చుకోలుగా చూస్తున్నారు. బయట పాకలో త్రినాథరావు గొంతు వినిపించింది. "అయితే గొప్పతనం బియ్యానిది కాదన్నమాట." ఆరు నెలల తర్వాత అతను భిక్షపతితో నేరుగా అన్న మొదటి మాట అది. "కాదు. సోంపుది" అన్నాడు భిక్షపతి. "ఆ సోంపు ఎక్కడ పండిందో" అన్నాడు త్రినాథరావు. ఆ సంగతి మీద ఇద్దరూ వాదించుకుంటూ, పక్కపక్కనే నడుస్తూ, దిల్‌సుఖ్‌నగర్ దారి పట్టారు.

అయ్యగారు డబ్బా కింద పెట్టారు. రాసిన జాబు జేబులోంచి తీసి నాలుగు మడతలు చేశారు. బాధపడలేదు. నవ్వారు.

"పొగడ్త ఇంటి ముందటికి నడిచొస్తే, లోపలికి రావొద్దన్న మనిషిని ఇప్పుడే చూస్తున్న. మత్తయి కుర్చీల గసొంటి మనిషే కూర్చోవాలె."

సాలోమోను కాలరు సవరించుకొని సగం లేచాడు.

"రెబెక్కమ్మా, నువ్వే ఆ పని చూడాలె" అన్నారు అయ్యగారు.

సగం లేచినవాడు సగంలోనే ఆగిపోయాడు. లేవడానికీ లేదు, కూర్చోడానికీ లేదు. మగవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఆడమనిషి పెద్దగా ఉండడం ఆ సంఘంలో ఎన్నడూ లేదు.

"పూటపూటా గుప్పెడు తీసేది ఎవరు? మీరా?" అన్నారు ఎలీశమ్మగారు, ప్రత్యేకించి ఎవరినీ చూడకుండా.

అయ్యగారు సాలోమోను వైపు చెయ్యి చూపించారు. "ఇంకేం కావాలె? చూడుండ్రి, పెనిమిటే అందరికంటె ముందు లేచి ఒప్పుకున్నడు."

చప్పట్లు మోగాయి. సాలోమోను కూడా కొట్టాడు. వంగి ఉన్నాడు కనుక అవి మోకాళ్ల దగ్గర మోగాయి.

ఇంటికొచ్చి తలుపు వేశాక అతను నెమ్మదిగా అన్నాడు. "మందిరంల అబద్ధమాడినవు రెబెక్కా."

"ఏ మాట అబద్ధం?"

"అతిమధురం, సోంపు ఉన్నయంటివి."

"లేవా?"

"ఉన్నయి."

"పురుగు పట్టిందా?"

"పట్టలే."

"సంచి కట్టింది నువ్వు కాదా?"

"నేనే."

"మరి అబద్ధమెక్కడున్నది?"

సాలోమోను ఆమె చెప్పిన మాటలన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా తిప్పి చూశాడు. దొరకలేదు. "పొగాకు సంగతి చెప్పలే గద."

"అది చెప్పేటందుకే నువ్వు లేచినవనుకున్న. వాన కోసం ప్రార్థన చేస్తివి."

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"మొదటి వారమే. దినానికి రెండు, వారానికి పద్నాలుగు గుప్పిళ్లు. అవి డబ్బాల ఎక్కడి దాక వస్తయో పదహారేండ్లసంది నా చెయ్యికి ఎరుక. నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువొచ్చింది. దేవుడు బియ్యం పెంచుతడేమో గాని, మూతి కట్టిన సంచి పెట్టడు."

"మరి అప్పుడే అడగకపోతివి?"

"సోంపు తింటుంటివి గద. ఎంత దాక తింటవో చూద్దామని."

ఇక మిగిలింది ఒక్కటే. సాలోమోను గొంతు తగ్గించి అడిగాడు. "సంచి ఏడ పెట్టినవు?"

"పెరట్ల చిక్కుడు పాదుకు పేనుబంక పట్టింది. మరగబెట్టి చల్లిన."

"అంతనా?"

"అంత. పాదు పెద్దది."

"మరి పైపు?"

"ఆదివారం బడి పిల్లలకిచ్చిన. సబ్బు నీళ్లల్ల ముంచి బుడగలు ఊదుతున్నరు. మంచిగొస్తున్నయి."

"దొర గుర్తుగ ఇచ్చిండు రెబెక్కా."

"సంఘపెద్ద ఇంట్ల గసొంటి గుర్తులు ఉండొద్దయ్యా" అని ఆమె బియ్యం చేట అందుకుంది.

సాయంత్రం ఎండ తగ్గాక సాలోమోను పెరట్లోకి పోయాడు. చిక్కుడు పాదు పక్కన పీట వేసుకొని, ఆకుల్లోకి మొహం పెట్టి, కళ్లు మూసుకొని గుండెల నిండా గాలి పీల్చాడు. ఎక్కడో లోపలినుంచి అతిమధురం, దాని వెనక సోంపు, అన్నిటికంటే వెనక అసలుది. ఇంకొంచెం ముందుకు జరిగాడు.

"ఏమయ్యా, ఏం చేస్తున్నవు ఆడ?" వంటింటి కిటికీలోంచి రెబెక్క గొంతు.

"పాదుకు నీళ్లు పోస్తున్న."

"చెంబేది?"

సాలోమోను చేతులు చూసుకున్నాడు.